మిరప లేని గుంటూరు సీమలో ఒక రాజ్యం

రాజ్యాలు కట్టే ఆటల మోజు మన తెలుగువారిలోనూ తక్కువేమీ కాదు. 1991 నాటి సివిలైజేషన్‌తోనో, 1997లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌తోనో నిద్రలేని రాత్రులు గడిపినవారు ఇది చదివేవారిలో కొందరైనా ఉంటారు. రోము కట్టాం, ఈజిప్టు కట్టాం, మంగోలుల గుర్రాల మీద సగం ప్రపంచాన్ని చుట్టివచ్చాం. మన వంతు వచ్చేసరికి మాత్రం పటం బోసిపోతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ ఆటలో 2022లో 'ద్రవిడియన్లు' అన్న పేరుతో దక్షిణాదినంతటినీ ఒకే మూటగా కట్టారు. యూరోపా యూనివర్సాలిస్ నాలుగవ ఆట మొదలయ్యేది 1444 నవంబరులో. అప్పటికి కొండవీటి రాజ్యం అంతరించి ఇరవై ఏళ్ళు.

కంప్యూటరు అక్కరలేని ఆట మరొకటి ఉంది. నలుగురైదుగురు చేరి తలొక రాజ్యాన్నో, ఆ రాజ్యంలోని ఒక మనిషి పాత్రనో స్వీకరిస్తారు. ఏడాదికి ఒక ఎత్తు. తాను ఏం చేయదలచాడో ప్రతివాడూ రాసి ఇస్తాడు. మధ్యవర్తి పాచికల సాయంతో, చరిత్ర జ్ఞానంతో ఫలితం చెబుతాడు. కాగితం, కలం, ఒక పటం, కాస్త ఓపిక ఉంటే చాలు. ఈ ఆటకు నియమాల కంటే ముందు తేల్చుకోవలసినవి కాలం, స్థలం. ఎందుకంటే, ఏ కాలాన్ని ఎంచుకున్నామన్న దానిలోనే రాజ్యమంటే ఏమిటని మనం అనుకుంటున్నామో బయటపడిపోతుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల వారిని అడిగితే పదిమందిలో తొమ్మండుగురు పల్నాటి యుద్ధం అంటారు. కాదనడం కష్టం. ఒకవైపు గురజాలలో నలగామరాజు, మరొకవైపు మాచర్లలో మలిదేవరాజు. వారి వెనుక నాగమ్మ, బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, రాయబారానికి వెళ్ళిన అలరాజు మరణం, చివరకు నాగులేటి ఒడ్డున కారెంపూడి రణరంగం. పాత్రలు చెక్కి పెట్టినట్టుంటాయి. కాని అది ముగింపు ముందే నిశ్చయమైన కథ. అందులో ప్రతి అడుగూ కారెంపూడికే దారి తీస్తుంది. ఆటగాడు దారి మళ్ళిస్తే అది పల్నాటి కథ కాకుండా పోతుంది, మళ్ళించకపోతే ఆట కాకుండా పోతుంది. పైగా ఆ వీరులకు నేటికీ ఏటా పూజలు జరుగుతున్నాయి. ఒకరు కొలిచే దేవుణ్ణి మరొకరు పాచికలతో ఓడించడం నాకు రుచించదు.

రెండవ ఓటు శ్రీకృష్ణదేవరాయలకు పడుతుంది. ఆయన 1515లో కొండవీటిని పట్టుకున్నాడు గనుక ఈ సీమకు పరాయివాడేమీ కాదు. అయితే ఆయన చేతికి వచ్చేనాటికే విజయనగరం వయస్సు నూటడెబ్బై ఏళ్ళు దాటింది. సిద్ధంగా ఉన్న సింహాసనం మీద కూర్చోబెట్టి 'ఇక రాజ్యం నిర్మించు' అంటే అందులో నిర్మాణమెక్కడ?

నా ఎంపిక ఈ రెండింటికీ నడిమి కాలం. 1325 ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకిలో మొదలై, 1424 ప్రాంతంలో కొండవీటిలో ముగిసిన నూరేళ్ళు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతున్న ప్రతాపరుద్రుడు దారిలోనే మరణించాడు. పైన రాజు లేడు, కింద ఎవరికి పన్ను కట్టాలో రైతుకు తెలియదు. ఆ శూన్యంలో ఎవరికి వారు తమ చుట్టూ ఉన్న నేలను కూడగట్టుకున్నారు. గోదావరి వైపు ముసునూరి ప్రోలయనాయకుడు, అతని తరువాత ఓరుగల్లును తిరిగి పట్టుకున్న కాపయనాయకుడు, రాచకొండ దేవరకొండలలో రేచర్ల పద్మనాయకులు, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి. చుట్టూ 1336 నాటి విజయనగరం, 1347 నాటి బహమనీ రాజ్యం, ఉత్తరాన కళింగం. ఆటకు ఇంతకంటే మంచి బల్ల ఎవరు పరచగలరు? ఎవరూ మరీ బలవంతులు కారు, ఎవరూ మరీ బలహీనులు కారు. ఎవరి గెలుపూ రాసిపెట్టి లేదు.

ఇక నేల. ఆటగాడు మొదట చేయబోయే పని నాకిప్పుడే కనబడుతోంది. గుంటూరు సీమ అనగానే ఎడాపెడా మిరప నాటిస్తాడు. మధ్యవర్తి అక్కడ ఆపాలి. మిరప ఈ దేశానికి పోర్చుగీసు ఓడలలో వచ్చింది, అంటే 1500 తరువాత. పొగాకూ సముద్రం దాటి వచ్చినదే. కొండవీటి వంటశాలలో కారమంటే మిరియాల కారం. మన మిరప తన పేరును ఆ మిరియం దగ్గరే అప్పు తెచ్చుకుంది. మిరప యార్డు లేని గుంటూరును, ఎర్రటి కళ్ళాలు లేని పల్నాటి వేసవిని ఊహించుకోవడమే ఈ ఆట నేర్పే మొదటి పాఠం. మనం అనాదిగా మనవే అనుకునేవాటిలో ఎన్ని నిన్నమొన్నటివో అప్పుడు తెలిసివస్తుంది.

పత్తి మాత్రం పాతదే. మార్కో పోలో పదమూడవ శతాబ్ది చివరలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ అక్కడి సన్నని బట్టను ఎంతగానో మెచ్చుకున్నాడు. నల్లరేగడిలో పత్తి, జొన్న, చెరువుల కింద వరి. అంతే పెట్టుబడి. బెజవాడ ఆనకట్ట 1850లలో గాని రాలేదు, నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో గాని పారలేదు. కృష్ణ పక్కనే ప్రవహిస్తున్నా ఆ నీరు ఈ మెట్టకు ఎక్కని కాలమది. అందుచేత ఆటలో అన్నిటికంటే విలువైన కట్టడం కోట కాదు, చెరువు. చెరువుకు ఖర్చు ఈ ఏడు, ఫలితం అయిదారేళ్ళకు. ఈలోగా శత్రువు దండెత్తితే చెరువు మీద పెట్టిన వరహాలతో సైన్యాన్ని పోషించలేకపోతిమే అని విచారించాలి. ఆ విచారంలోనే రాజ్యనిర్మాణపు రుచి ఉంది.

ఇది నా కల్పన కాదు. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబిక సంతానసాగరమనే చెరువు తవ్వించింది. ఆ చెరువుకు నీరు రావడానికి కుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడు. ఫిరంగిపురం, అమీనాబాదు శాసనాలు ఈ సంగతులు చెబుతున్నాయి. రాజకుటుంబంలో తల్లి చెరువు తవ్విస్తే కొడుకు కాలువ తవ్వించడం మన పాఠ్యపుస్తకాలలో ఏ యుద్ధం పక్కన చోటు చేసుకుంది? ఆటలో అయినా సూరాంబిక పాత్ర ఒకరికి దక్కాలి.

నేల తరువాత సముద్రం. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం మనలో చాలామందికి తెలిసిందే. గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారు. తాను సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన మాట ఇచ్చాడు. కాకతీయులు పోయాక, 1358లో అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మరొక శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు ఆదరణ, భూమి, సుంకాలలో సడలింపులు. నూరేళ్ళ ఎడంతో ఇద్దరు రాజులు ఒకే రేవులో ఒకే మాట చెప్పవలసి వచ్చిందంటే, నమ్మకమనేది ఎంత తేలికగా కూలుతుందో, ఎంత శ్రమతో మళ్ళీ కట్టుకోవాలో అర్థమవుతుంది. కాబట్టి ఆటలో ధాన్యానికీ ధనానికీ పద్దు ఉన్నట్టే 'మాట'కు కూడా ఒక పద్దు ఉండాలి. కష్టకాలంలో ఒక్క ఓడ సరుకు కాజేస్తే ఆ ఏడు ఖజానా నిండుతుంది, ఆపై పదేళ్ళు రేవు ఎండుతుంది.

సాహిత్యప్రియులు అలగనక్కరలేదు. ప్రోలయ వేముని కొలువులో ఎఱ్ఱాప్రగడ, పెదకోమటి వేముని వద్ద విద్యాధికారిగా శ్రీనాథుడు ఉన్న కాలమిది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. రాజు వేడుక, వర్తకుని ఓడ, కవి కావ్యం ఒకే దారానికి గుచ్చిన పూసలని దీనివల్ల తెలుస్తోంది. ఆటలో కవి వట్టి అలంకారంగా మిగలకూడదు. అతనికి పెట్టిన ఖర్చు రాజ్యం పోయిన ఆరువందల ఏళ్ళకు కూడా వడ్డీ తెస్తోంది.

ఇక పతనం. చెరువుకు కాలువ తవ్వించిన ఆ రాచవేముడే రాజయ్యాక ప్రజలను పన్నులతో పీడించాడనీ, చివరకు బిడ్డ పుడితే పురిటి సుంకం కట్టమన్నాడనీ, అది సహించలేని సవరం ఎల్లయ అతణ్ణి పొడిచి చంపాడనీ కొండవీటి కథనాలు చెబుతాయి. అందులో చరిత్ర ఎంత, జనుల కసి ఎంత అన్న చర్చ వేరు. నాకు ముఖ్యమైనది ఒక్కటే. ఒకే మనిషి మీద రెండు జ్ఞాపకాలు మిగిలాయి, శాసనంలో కాలువ, జనం నోట సుంకం. ఏ ఆటలోనైనా ఖజానా ఖాళీ అయినప్పుడు ఆటగాని చేయి వెళ్ళేది పన్ను మీటకే. ఆ మీట అవతల ఒక బాలింత ఉందని గుర్తు చేసే ఆట నాకింతవరకు కనబడలేదు.

జనానికి కూడా ఒక ఎత్తు ఉండాలని అందుకే అంటాను. దీనికి ఉదాహరణ ఈ సీమలోనే, మరి అయిదువందల ఏళ్ళ తరువాత దొరుకుతుంది. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద వేలాదిమంది ఇళ్ళు వదలి ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు నిలిచారు. పాలించేవాడు పన్ను వేయగలడు, జనం ఊరొదిలి పోగలరు. కొండవీటి ఆటలోనూ రైతుకు ఈ హక్కు ఇవ్వాలి. పన్ను హద్దు మీరితే నాగళ్ళు కట్టెత్తుకుని పొరుగు రాజ్యానికి పోతారు. అప్పుడు పటం మీద కోట మిగులుతుంది, కోట కింద దున్నేవాడు మిగలడు.

అసలు అభ్యంతరం ఇప్పుడు వస్తుందని నాకు తెలుసు. 'రెడ్డి రాజ్యం పెట్టి మా కులాన్ని ప్రతినాయకులను చేస్తారా?' అని ఒకరు, 'మా వారి రాజ్యాన్ని మీరు ఆడేదేమిటి?' అని మరొకరు. కాపయనాయకుని పేరు ఎత్తగానే అతనిది ఏ కులమన్న దగ్గర చర్చ మొదలై అక్కడే ముగియడం మనం ఎన్నిసార్లు చూడలేదు? అద్దంకి, కొండవీడు, రాచకొండ, ఓరుగల్లు ఇవాళ ఊళ్ళుగా కంటే కులాల చిరునామాలుగా ఎక్కువ చలామణీ అవుతున్నాయి. ఈ గొడవ లేని కాలాన్ని ఎంచుకోరాదా అంటారు. గొడవ ఉంది గనుకనే ఈ కాలాన్ని ఎంచుకోమంటున్నాను.

నియమం చాలా చిన్నది. పక్షాలను చీటీలు తీసి పంచాలి. తమ ఇంటిపేరుకు దగ్గరగా ఉందని ఎవరూ రాజ్యాన్ని కోరుకోరాదు. కొండవీటి అభిమానికి రాచకొండ చీటీ వస్తే, సర్వజ్ఞ సింగభూపాలుడి వంటి విద్వాంసుడు అటువైపూ ఉన్నాడని తెలుస్తుంది. రాచకొండవారు చాలాకాలం బహమనీలతో స్నేహంగా ఎందుకున్నారో, మతం ఒకటైన కొండవీటితో ఎందుకు పోరాడారో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి రెండు ఎత్తులలోనే బోధపడుతుంది. కాపయనాయకుని చీటీ తీసినవాడు, గోలకొండను బహమనీలకు వదులుకోవలసి వచ్చిన నాటి గడ్డుస్థితిని తానే లెక్క కట్టుకుంటాడు. వారసత్వంగా వచ్చిన గర్వానికి లెక్కలు అక్కరలేదు. ఆట లెక్క అడుగుతుంది. తాతల నేతుల మూతి వాసన చూపించి ఒక్క చెరువూ నింపలేం.

'ఆటలతో చరిత్రను పలుచన చేస్తారా' అనే పెద్దలకు ఒక మనవి. ఈ కాలానికి ఆధారాల కొరత లేదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఇంగ్లీషులో రాసిన రెడ్డిరాజ్యాల చరిత్రను ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లోనే ప్రచురించింది. మధ్యవర్తిగా కూర్చునేవాడు ఆ గ్రంథాన్ని ముందు వేసుకుని ఆడించాలి. పరీక్ష కోసం ఆ పుస్తకం చదివినవాడు పరీక్షయిన మర్నాడే మరచిపోతాడు. పొరుగువాడు మోటుపల్లి మీద కన్నేశాడని భయపడి చదివినవాడు జన్మలో మరువడు.

మరి ఈ ఆటలో గెలుపు ఎలా తేల్చాలి? ఎన్ని కోటలు పట్టుకున్నామన్నది లెక్కలోకి తీసుకోవద్దు. కోటలన్నీ చివరకు ఎవరో ఒకరు పట్టుకున్నవే. కొండవీడే విజయనగరం, గజపతులు, గోలకొండ సుల్తానులు అంటూ ఎన్ని చేతులు మారిందో మనకు తెలుసు. నూరేళ్ళు గడిచాక, రాజు మారినా నీరు పారుతున్న చెరువులెన్ని, ఓడలు నమ్మి వస్తున్న రేవులెన్ని, ఊరు విడిచిపోని రైతు కుటుంబాలెన్ని, చదువుతున్న కావ్యాలెన్ని అని లెక్కపెట్టాలి. ఎవరి లెక్క ఎక్కువైతే వారిదే రాజ్యం.

ఇంతకంటే మంచి కాలం, మంచి చోటు తోచినవారు చెప్పండి, వాదించుకుందాం. మీ ఇంటిపేరును మాత్రం వాదంలోకి తీసుకురాకండి.