బండి బాగైంది.. సందేహం మిగిలింది

మరమ్మతు బిల్లుల్లో పారదర్శకత కరవు
రాతపూర్వక అంచనా, పాత విడిభాగమే వాహనదారుడికి రక్ష

విజయవాడ: బ్రేకు శబ్దం చేస్తోందని ఉదయం షెడ్డుకు ఇచ్చిన ఆటో సాయంత్రానికి కొత్త క్లచ్‌ ప్లేట్లు, బేరింగులు, ఆయిల్‌ మార్పుతో బయటకు వస్తుంది. వందల్లో తేలిపోతుందనుకున్న ఖర్చు వేలకు చేరుతుంది. ఇవి మార్చకపోతే దారిలో ఆగిపోయేదని మెకానిక్‌ చెబుతాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే మార్గం డ్రైవరుకు ఉండదు. మరునాటి కిరాయిలు పోతాయన్న భయంతో అప్పు చేసైనా సొమ్ము కట్టి బండి తెచ్చుకుంటాడు. కారు యజమానికైనా, ద్విచక్ర వాహనదారుడికైనా ఈ అనుభవం కొత్త కాదు. మోసం జరిగిందని నిరూపించలేరు. జరగలేదని నమ్మనూ లేరు. ఈ అనుమానానికి అసలు మూలం ధర ఎక్కువ కావడం కాదు. ఏ పని, ఎందుకు, ఎంతకు చేస్తున్నారన్నది కాగితం మీదకు రాకపోవడమే.

తెలివి ఒకరిది.. సొమ్ము మరొకరిది

బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టడం మొదలుకొని ఇంజిన్‌ బోరింగ్‌ వరకు దొరకని పని లేదు. తరాలుగా ఇక్కడ వ్యాపారం నమ్మకం మీదే సాగింది. యజమాని పక్కనే నిలబడి, విప్పిన భాగాన్ని చేతిలోకి తీసుకొని చూసేవాడు. అరిగిందో లేదో కంటికే తెలిసేది. 2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో ద్విచక్ర వాహనాల్లోనూ కార్బ్యురేటర్ల స్థానాన్ని ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌, సెన్సర్లు ఆక్రమించాయి. లోపం ఎక్కడుందో చెప్పడానికి స్కానర్‌ కావాలి. తెరపై కనిపించే కోడ్‌ను చదవగలిగినవాడి మాటే వేదమైంది.

అయితే ఆ కోడ్‌ లోపం ఉన్న వ్యవస్థను సూచిస్తుందే తప్ప ఫలానా భాగాన్ని మార్చమని ఆదేశించదు. ఆక్సిజన్‌ సెన్సర్‌కు సంబంధించిన కోడ్‌ వచ్చినంత మాత్రాన సెన్సర్‌ చెడిపోయినట్టు కాదు. తీగ తెగినా, గొట్టంలో గాలి లీకైనా అదే కోడ్‌ రావచ్చు. పరీక్షించకుండా సెన్సర్‌ మారిస్తే ఖర్చు పెరుగుతుంది, లోపం అలాగే ఉంటుంది. బ్యాటరీ విషయమూ అంతే. బండి స్టార్ట్‌ కాకపోవడానికి టెర్మినళ్లకు పట్టిన చిలుము కారణం కావచ్చు, ఆల్టర్నేటర్‌ ఛార్జింగ్‌ ఇవ్వకపోవడమూ కావచ్చు. పూర్తి ఛార్జింగ్‌తో ఉన్న మంచి కారు బ్యాటరీ ఇంజిన్‌ ఆపి ఉంచినప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్‌ నడుస్తున్నప్పుడు సాధారణంగా 14 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. చిన్న మీటరుతో నిమిషంలో తేలే విషయమిది.

అదనపు పని అంతా మోసం కాదు

బిల్లు పెరిగిన ప్రతిసారీ మెకానిక్‌ను దొంగగా చూడటం సరికాదు. కారు క్లచ్‌ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్‌ దించక తప్పదు. అదే సమయంలో ప్రెషర్‌ ప్లేటు, రిలీజ్‌ బేరింగ్‌ మార్చితే మరోసారి దించే కూలి మిగులుతుంది. ద్విచక్ర వాహనానికి చైనుతోపాటు స్ప్రాకెట్లు మార్చడమూ ఇలాంటిదే. అరిగిన పళ్లపై కొత్త చైను ఎక్కువ కాలం నిలవదు.

ఇంకా మందం మిగిలిన బ్రేక్‌ ప్యాడ్లను తీసేయడం, కంపెనీ పుస్తకంలో లేని ‘ఇంజిన్‌ ఫ్లష్‌’లు, ‘కార్బన్‌ క్లీనింగ్‌’లను ప్రతి సర్వీసుకూ జోడించడం, చిన్న సీలు పోతే మొత్తం అసెంబ్లీ మార్చడం మాత్రం ప్రశ్నించదగినవే. అవసరమైన పనికి, అంటగట్టిన పనికి మధ్య తేడా తెలియాలంటే ముందుగా కారణం అడగాలి, విప్పిన భాగాన్ని చూపమనాలి.

చట్టంలో ఉన్న హక్కు

2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఈ విషయాన్ని విస్మరించలేదు. ఒక వస్తువు లేదా సేవ అవసరమని తప్పుగా నమ్మించడాన్ని సెక్షన్‌ 2లోని 47వ క్లాజు అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడమూ అదే కోవలోకి వస్తుంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకునే వారిని వ్యాపార అవసరం పేరుతో పక్కన పెట్టరాదన్న వివరణా చట్టంలో ఉంది. సొంత ఆటో నడుపుకొనే డ్రైవరుకు ఇది కీలకం.

విడిభాగాలపై కంపెనీల గుత్తాధిపత్యమూ చర్చకు వచ్చింది. విడిభాగాలు, లోపాలను గుర్తించే పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేశారంటూ 14 కార్ల కంపెనీలపై 2014 ఆగస్టులో కాంపిటీషన్‌ కమిషన్‌ రూ.2,544 కోట్ల జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ రద్దవుతుందన్న గంపగుత్త షరతు పెట్టరాదని కూడా ఆదేశించింది. దీనిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. రెండో మెకానిక్‌ అభిప్రాయం తీసుకోవడానికే జంకే వాహనదారులు ఈ ఆదేశం వెనుకనున్న ఉద్దేశాన్ని గ్రహించడం అవసరం.

పన్ను తగ్గింది.. బిల్లు చూసుకోవాలి

2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ 18 శాతంగా ఒకే రేటుకు వచ్చింది. అంతకుముందు చాలా భాగాలపై 28 శాతం ఉండేది. అందువల్ల బిల్లులో పాత రేటు వేశారేమో గమనించాలి. ప్యాకెట్‌పై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. రూ.1,180 ధర ఉన్న భాగానికి మళ్లీ 18 శాతం కలిపితే రూ.1,392 అవుతుంది. రూ.212 అక్రమంగా వడ్డించినట్టే. జీఎస్టీ నమోదు లేని దుకాణం ఆ పేరుతో పైసా కూడా వసూలు చేయరాదు. నమోదైన దుకాణమైతే బిల్లుపై 15 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి.

సొమ్ము ఇవ్వనిదే బండి రాదు

వివాదం ముదిరితే బిల్లు కట్టనని మొండికేయడం వాహనదారుడికే చేటు తెస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం-1872లోని సెక్షన్‌ 170 ప్రకారం, అప్పగించిన పని చేసిన వ్యక్తి తనకు న్యాయంగా రావాల్సిన కూలి అందేవరకు వస్తువును తన వద్ద ఉంచుకోవచ్చు. ఈ రక్షణ ఒప్పుకున్న పనికే గాని, అడగని పనికి కాదు. అయినా ఆ తేడా షెడ్డు వాకిట్లో వాదులాటతో తేలదు. రోజు గడిచేకొద్దీ కిరాయి నష్టం పెరుగుతుంది. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లుపై రాసి, ఫోన్‌తో ఫొటో తీసుకొని, బండి విడిపించుకోవడమే మేలు.

ఆ తరువాత 1915 నంబరుకు ఫోన్‌ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను రెండేళ్లలోపు ఆశ్రయించాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. షెడ్డు వేరే ఊళ్లో ఉన్నా, తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అయితే ఆరోపణను నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుడిదే. మార్చిన పాత భాగం, ముందస్తు అంచనా, మరో నిపుణుడి రాతపూర్వక అభిప్రాయం లేకపోతే ఎంత గట్టి అనుమానమైనా అనుమానంగానే మిగిలిపోతుంది.

ఒక్క కాగితం చాలు

బండి అప్పగించే ముందే జాబ్‌కార్డుపై చేయాల్సిన పనులు, విడిభాగాల ధర, కూలి వేర్వేరుగా రాయించుకోవాలి. అంచనా దాటితే ఫోన్‌ చేసి అనుమతి తీసుకున్న తరువాతే చేయాలని అందులోనే పేర్కొనాలి. పాత భాగాలు తిరిగి ఇవ్వాలని ముందుగానే చెప్పాలి. కొత్త భాగం ప్యాకెట్‌నూ అడిగి తీసుకోవాలి. పెద్ద ఖర్చయితే మరో చోట విచారించాలి.

ఈ పద్ధతి నిజాయతీగా పనిచేసే మెకానిక్‌లకూ మేలే. తాము చెప్పిన పని నిజంగా అవసరమైనదేనని చూపించడానికి వారికి అంతకు మించిన సాక్ష్యం లేదు. పదిమందిలో ఒకరు చేసే దోపిడీకి మిగిలిన తొమ్మిది మంది అపవాదు మోయాల్సిన అగత్యమూ తప్పుతుంది. మెకానిక్‌ల సంఘాలు తెలుగులో ముద్రించిన ఒకే తరహా జాబ్‌కార్డును తమ సభ్యులందరికీ ఇస్తే ఇది పెద్ద కష్టం కాదు. తూనికలు కొలతలు, పౌర సరఫరాల శాఖల అధికారులు ఆటోనగర్లలో అవగాహన సదస్సులు నిర్వహించి ఈ అలవాటును ప్రోత్సహించాల్సి ఉంది. రోజు కిరాయిపై ఇల్లు గడిచే డ్రైవరుకు రెండు వేల రూపాయల అనవసర మరమ్మతు అంటే పిల్లల ఫీజో, నెల సరుకులో ఆగిపోవడమే.