పెరటి తోట: విత్తనపు పసుపును వేసవి దాటించడం

పెరట్లో నాలుగు పసుపు మొక్కలుంటే పండుగలకూ, వ్రతాలకూ పచ్చి కొమ్ము కోసం వెతకనక్కరలేదు. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనమైతే ఆ మమకారమే వేరు. అయితే యరమరస్, రాయచూరు వైపు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. దాచిన కొమ్ములు జూన్ నాటికి ముడతలు పడి తేలిపోతే, మళ్ళీ ఊరికి కబురు పెట్టాల్సిందే. అంగడిలో అరిశిన కొమ్ములని అడిగి కొన్నవి మొలవవు. వాటిని ఉడికించి ఎండబెడతారు.

మంచు పడే దేశాల్లో మెట్టతామర, డాలియా దుంపలను చలికి భయపడి ఇంట్లో దాస్తారు. మనకు భయం ఎండతోనూ, చెమ్మతోనూ.

విత్తనానికి దుంప బాగా ముదరాలి. పసుపు పంటకు 7 నుంచి 9 నెలలు పడుతుంది. కనుక సంక్రాంతికి అన్ని కుదుళ్ళూ పెకలించకండి. రెండు మూడు వదిలేసి, ఆకులు పండి ఎండిపోయాక దెబ్బ తగలకుండా తవ్వండి. మట్టి దులిపి, వేళ్ళు తీసి, తెగినవీ, మెత్తబడినవీ వంటకు వాడుకోండి. గట్టివాటిని నీడన ఆరబెట్టండి. తెగులు భయముంటే లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపి, అరగంట ముంచి, నీడన ఆరనివ్వండి. మందు తగిలిన కొమ్ములను మాత్రం వంటకు వాడకూడదు.

వెడల్పు మూతి గల మట్టికుండలో పొడి ఇసుక గానీ, రంపపు పొట్టు గానీ ఒక వరుస, కొమ్ములు ఒక వరుస చొప్పున పేర్చండి. పైన ఎండిన పసుపాకులు కప్పి, గాలి ఆడేలా పలుచని గుడ్డ కట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి కుళ్ళిపోతాయి. రేకుల కప్పు కిందా, పొయ్యి పక్కనా పెట్టకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూల చూసుకోండి. ఇరవై రోజులకోసారి తీసి చూసి, మెత్తబడినవి ఏరెయ్యండి.

తొలకరికి కళ్ళు ఉబ్బి కనబడతాయి. కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటండి. నల్లరేగడి నేలైతే ఎత్తు మడి కట్టాలి. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది.

ఈసారి గుప్పెడు ఎక్కువే దాచండి. పక్కింటి కన్నడ వారికీ నాలుగు కొమ్ములివ్వండి. మన కుండలో పోయినా వారి పెరట్లో మన విత్తనం మిగిలి ఉంటుంది.