పెంటకుప్పను వెలివేస్తే పెరడు పండేదెట్లా?

మన పల్లెల్లో ఒకప్పుడు ఏ ఇంటికి పోయినా రెండు కనిపించేవి. దొడ్డి మూలన కుడితి గోలెం, ఇంటి వెనుక పెంటకుప్ప. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు గోలెంలో పడేవి. పేడ, వాకిలి ఊడ్చిన చెత్త కుప్పకు చేరేవి. మిరుగానికి ముందే ఆ పెంటను బండ్ల మీద చెలకలకు తోలేవారు. ఇంట్లో పుట్టిన తుక్కు తిరిగి మన మట్టికే చేరేది.

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. చాలా ఇళ్లలో బర్రె కూడా లేదు. కుడితి తాగే నోరు లేనప్పుడు గోలెం ఎందుకని తీసేశారు. మరి వంటింటి తుక్కు ఎటు పోతోంది? ఉల్లిగడ్డ పొట్టు, పుంటికూర కాడలు, అరటి తొక్కలు, చాయపత్తి అన్నీ పాలిథిన్ కవర్లో మూటగట్టి పంచాయతీ ట్రాక్టరులో వేస్తున్నాం. అటుగా పోయే పశువులు ఆ తిండి వాసనకు కవరుతో సహా మింగుతున్నాయి. అదే ఇంటి పెరట్లో బీరపాదు పసుపుబారితే దుకాణానికి పోయి యూరియా తెస్తున్నాం. చేతిలో ఉన్నది పారేసి, లేనిదానికి డబ్బు పెట్టడం ఏం లెక్క?

2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలయ్యాక పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. వీధులు శుభ్రపడ్డాయి, కాదనలేం. అయితే తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే కలిసిపోతే ఏ షెడ్డులోనూ మంచి ఎరువు తయారు కాదు. గాజు పెంకులు, బ్లేడ్లు కలిసిన చెత్తలో చెయ్యి పెట్టే సఫాయి కార్మికుడు కూడా మన ఊరి మనిషేనని గుర్తుంచుకోవాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎక్కువగా ఉన్నవి ఎర్ర చెలకలు. లోతు తక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. వాన వెనుకబడితే నాలుగు రోజుల్లోనే మొక్క తల వాలుస్తుంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఇక్రిశాట్ ఈ రెండు జిల్లాలతోపాటు కర్నూలు జిల్లా రైతుల పొలాల మట్టిని పరీక్షించినప్పుడు గంధకం, జింకు, బోరాన్ కొరత విస్తారంగా బయటపడింది. యూరియా ఒక్కటే చల్లితే తీరే కరువు కాదిది.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. నూరు కిలోల పెంటలో ఉండే నత్రజని సుమారు అర కిలోనే. అంత నత్రజని కిలో పైచిలుకు యూరియాలోనే దొరుకుతుంది. ఇంత దానికి అంత శ్రమ ఎందుకు? ప్రశ్న సబబే. కాని యూరియా ఇచ్చేది నత్రజని ఒక్కటే. చివికిన ఎరువు మట్టిని గుల్లగా చేస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది, వానపాములకు తిండి పెడుతుంది, సూక్ష్మ పోషకాలను కొంతైనా తిరిగి ఇస్తుంది. నీరు కరువైన మన సీమలో తేమ నిలవడమే సగం పంట.

పని కష్టమేమీ కాదు. పెరట్లో చెట్టు నీడన, బోరుకు, బావికి దూరంగా మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంత తవ్వాలి. అడుగున నరికిన కందికట్టె వేస్తే గాలి ఆడుతుంది. దానిపై జానెడు మందాన వంటింటి తుక్కు, ఎండుటాకులు కలిపి పరచాలి. పైన పలుచగా మట్టి, దొరికితే పేడ నీళ్లు చల్లాలి. పిండిన బట్టలో ఉన్నంత తడి చాలు. వాసన వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని అర్థం. ఎండుటాకులు వేసి తిరగేస్తే పోతుంది. మాంసం, ఎముకలు వేస్తే కుక్కలు తవ్వుతాయి. సబ్బు నీళ్లు, ప్లాస్టిక్ అసలే వద్దు. బూడిద చారెడుకు మించవద్దు. పైన తాటిమట్టలు కప్పాలి. వానాకాలంలో నీరు నిలవకుండా చుట్టూ కట్ట వేయాలి. దసరాకు మొదలుపెట్టి సంక్రాంతికి నింపి, ఒకటి రెండుసార్లు తిరగేస్తే మిరుగం నాటికి నల్లటి ఎరువు చేతికొస్తుంది. నిండిన గుంత చివుకుతుండగా పక్కన రెండోది మొదలుపెట్టుకోవచ్చు.

ఇంటికి రోజుకు అర కిలో తుక్కు అనుకున్నా, 500 గడపల ఊరిలో ఏడాదికి 90 టన్నులు దాటుతుంది. చివికి మూడో వంతే మిగిలినా 30 టన్నుల ఎరువు. దీన్ని ఊరవతల పారబోయడానికి డీజిలు ఖర్చు పెట్టడం శోచనీయం.

పంచాయతీ ట్రాక్టరు పొడి చెత్తకే రావాలి, తడి చెత్త ఎవరి పెరట్లో వారికే ఉండాలి అని గ్రామసభలో ఒక మాట అనుకుంటే చాలు. పెరడు లేని ఇళ్ల తుక్కును షెడ్డుకు విడిగా చేర్చవచ్చు. మధ్యాహ్న భోజనం వండే బడిలో ఒక గుంత తవ్విస్తే పిల్లలే ఇంటికి పోయి తల్లిదండ్రులకు నేర్పుతారు. కుడితి గోలెం తిరిగి రాకపోవచ్చు. గడ్డపార మాత్రం ఇంకా మన ఇంటి మూలనే ఉంది.