కొత్త యాప్ వద్దు, ఉన్న షీట్‌నే మన గూడేలకు సరిచేసుకుందాం



అడ్మిషన్లు, స్కాలర్‌షిప్‌ల టైమ్ రాగానే గ్రూపులో ఎవరో ఒకరు అంటారు: "అన్నా, మన సంఘానికి ఒక యాప్ చేయిద్దాం." మేం దీనికి ఒప్పుకోం. యాప్‌కు డబ్బులు కావాలి. చేసిన తమ్ముడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే తర్వాత దాన్ని చూసేవాళ్లుండరు. మన ఫోన్లలో గూగుల్ షీట్స్, డ్రైవ్, వాట్సాప్ ఇప్పటికే ఉన్నాయి. అవి పొద్దంతా నెట్ ఉండే ఆఫీసువాళ్ల కోసం చేసినవే, కాదనం. అయినా సెట్టింగులు కొన్ని మారిస్తే కొండమీది గూడెంలో ఉన్న తమ్ముడు కూడా వాటితో పని చేయగలడు.

ముందు బ్యాంకు అకౌంట్ కాలమ్ గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బులు ఆగేది ఇక్కడే. కొన్ని బ్యాంకుల నంబర్లు 16 అంకెలుంటాయి. ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా దాన్ని లెక్క కింద తీసుకుంటే 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుకుంటది, చివరిది సున్నా అయిపోతది. మొదట్లో సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. ఏ హెచ్చరికా రాదు. ఆ లిస్టు అలాగే పైకి పోతే ఆ చెల్లికి డబ్బులు పడవు, ఎందుకు పడలేదో ఆఫీసులో అడిగినా ఎవరూ చెప్పలేరు. అందుకే ఒక్క నంబరు కూడా ఎక్కించకముందే కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్మాట్‌లో నంబర్ కింద ఉన్న 'ప్లెయిన్ టెక్స్ట్' పెట్టండి. ఎక్కించాక పెడితే పోయిన అంకె తిరిగి రాదు.

ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. మొత్తం 11 గుర్తులు, అయిదోది ఎప్పుడూ సున్నానే. మనవాళ్లు చాలామంది అక్కడ ఇంగ్లిష్ 'ఓ' అక్షరం కొడతారు. 'డేటా వాలిడేషన్'లో 11 గుర్తులుండాలి, అయిదోది సున్నా కావాలి అని రూల్ పెడితే తప్పు కొట్టినప్పుడే షీట్ ఆపేస్తది. పుట్టిన తేదీకి ఫైల్ సెట్టింగ్స్‌లో 'లొకేల్' ఇండియా అని ఉందో లేదో చూసుకోండి. అమెరికా అని ఉంటే ఆగస్టు 5న పుట్టినవాడు మే 8న పుట్టినట్టు అవుతాడు.

ఊళ్ల పేర్లను మాత్రం చేత్తో రాయనివ్వద్దు. ఉట్నూర్, ఊట్నూరు, ఉట్నూరు అని ముగ్గురు మూడు రకాలుగా రాస్తే షీట్ వాటిని మూడు ఊళ్లు అనుకుంటది. తర్వాత మన మండలం నుంచి ఎంతమందికి హాస్టల్ సీటు రాలేదో తీద్దామంటే లెక్క తేలదు. ఊళ్ల జాబితా ఒకసారి డ్రాప్‌డౌన్‌లో పెడితే ఆ గొడవ ఉండదు. ఇవన్నీ ఒకరు ఒక్కసారి కంప్యూటర్‌లో చేస్తే చాలు, మిగతావాళ్లు ఫోన్‌లోనే నింపొచ్చు.

అందరూ గూగుల్ ఫామ్ లింక్ పెడతారు కదా, అది నెట్ లేకుండా పనిచేయదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లకు ఫామ్ పంపితే ఆ ఊళ్లను మనమే లిస్టులోంచి తీసేసినట్టు. షీట్స్ యాప్‌లో ఫైల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉంచుకునే ఆప్షన్ ఆన్ చేస్తే గూడెంలో కూర్చొని ఇల్లిల్లూ రాసుకోవచ్చు. సంతకు దిగినప్పుడు నెట్ తగలగానే అదే పైకి ఎక్కుతది. ఊరికో ట్యాబ్ పెట్టండి, ఒకరి గడిలో ఇంకొకరు రాసే పని రాదు.

మాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఆధార్, కుల ధ్రువపత్రం ఫొటోలున్న ఫోల్డర్‌ను 'లింక్ ఉన్నవాళ్లెవరైనా' అని పెట్టి వందలమంది ఉన్న గ్రూపులో వేస్తున్నారు. మన పిల్లల కాగితాలు ఎవరి చేతికి పోతాయో ఎవరికి తెలుసు? షేరింగ్‌ను 'రిస్ట్రిక్టెడ్' చేసి, పనిచేసే నలుగురి మెయిల్స్ మాత్రమే అందులో పెట్టండి. సంఘం లిస్టుకు ఆధార్ చివరి 4 అంకెలు సరిపోతాయి. కాగితమే కావాలంటే మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది తీసుకోండి. షీట్‌లో ఎవరైనా ఏదైనా చెరిపేస్తే వాళ్లతో కొట్లాడే ముందు 'వెర్షన్ హిస్టరీ' తెరవండి, పాతది దొరుకుతది.

ఇంకోటి, ఫైల్ ఎవరి ఖాతాలో ఉంది? డిగ్రీ అయిపోయి వెళ్లిపోయిన అన్న ఖాతాలో ఉంటే, ఆయన 2 సంవత్సరాలు దాన్ని తెరవకపోతే గూగుల్ ఆ ఖాతానే తీసేయొచ్చు. సంఘం పేరుతో ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉంచండి. ఉచితంగా వచ్చేది 15 జీబీ. సభల వీడియోలతో దాన్ని నింపొద్దు.

పేర్ల దగ్గర కూడా కాస్త ఓపిక కావాలి. ఆత్రం, మడావి, కుంజా, కిల్లో, పాంగి లాంటి మన ఇంటిపేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఫోన్ వాటిని ఏదో ఇంగ్లిష్ మాటగా మార్చేస్తది. టెన్త్ మెమోలో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంటే తిరిగేది మనమే. జీబోర్డ్ సెట్టింగుల్లో 'పర్సనల్ డిక్షనరీ' ఉంటది, మీ మండలంలోని ఇంటిపేర్లన్నీ మెమోలో ఉన్నట్టే అందులో వేసుకోండి. తెలుగులో రాసే కాగితాలు యూనికోడ్‌లోనే ఉండాలి. అను ఫాంట్‌లో కొట్టించిన వినతిపత్రం ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలే కనపడతాయి. గూగుల్ ఫాంట్స్‌లో 'గిడుగు' అనే తెలుగు ఫాంట్ ఉంది, సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి గారి పేరది. సీతంపేట తమ్ముళ్లు కరపత్రానికి అదే వాడితే మాకు సంతోషం. ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన గుంజాల గోండి లిపి కూడా 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి నోటో ఫాంట్ ఉచితమే, కంప్యూటర్‌లో వేసుకుంటే లిబ్రే ఆఫీస్‌లో సంఘం లెటర్‌హెడ్ మీద మన లిపి పెట్టుకోవచ్చు.

పైన చెప్పినవన్నీ పెట్టి ఒక ఖాళీ షీట్ తయారుచేస్తున్నాం. మీ మండలంలోని గూడేల పేర్లు, పంచాయతీ రికార్డులో ఉన్నట్టే, కామెంట్లలో రాయండి. డ్రాప్‌డౌన్‌లో చేరుస్తాం. ఆధార్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి.