బల్లకు అవతలివాడు

పొగ విషయంలో మన భాష ఒక చక్కని భేదం పాటించింది. సిగరెట్టు వెలిగించినవాడు పొగ తాగుతాడు. వాడి పక్కన కూర్చున్నవాడు పొగ పీలుస్తాడు. తాగడమంటే కావాలని చేసే పని, వద్దనుకుంటే మానుకోవచ్చు. పీల్చడం అట్లా కాదు. ప్రాణం ఉన్నంతసేపూ పీల్చక తప్పదు. తాగేవాడి పక్షాన వాదించడానికి మన సాహిత్యంలో గిరీశమంతటి ప్లీడరు దొరికాడు. పీల్చేవాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు మాత్రం చాలాకాలం ఎవడూ కనబడలేదు.

ఆ వకాల్తా 2004లో అయర్లండు ప్రభుత్వం పుచ్చుకుంది. పబ్బులతో సహా, నాలుగు గోడల మధ్య మనుషులు పనిచేసే చోట్ల పొగ తాగరాదని దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. ఆ పని చేసిన దేశాల్లో అదే మొదటిది. అప్పుడక్కడి జనం ఏమన్నారు, చివరకు ఏం చేశారు అన్నది మనం తెలుసుకోదగిన ముచ్చట.

పబ్బు అనగానే మనవాళ్ళకు హైదరాబాదులో చెవులు చిల్లులు పడే సంగీతమూ, రంగురంగుల దీపాలూ గుర్తుకు రావచ్చు. అయర్లండులో పబ్బు అది కాదు. అది వాళ్ళ రచ్చబండ. చలికీ వానకీ జడిసి లోపలికి చేరిన రచ్చబండ. రాజకీయాలు అక్కడే, గుర్రప్పందేల చర్చ అక్కడే, ఫిడేలు పాటలు అక్కడే. ఊళ్ళో ఎవరైనా పోతే స్మశానం నుంచి వచ్చి చనిపోయినవాడి మంచిని తలుచుకునేదీ అక్కడే. నల్లని బీరు గ్లాసు ఒక చేత, సిగరెట్టు ఒక చేత లేకుండా ఆ బొమ్మను ఊహించడం ఆ రోజుల్లో ఎవరికీ సాధ్యం కాలేదు.

అటువంటి చోటి నుంచి సిగరెట్టును బయటకు పంపిస్తానని 2003 జనవరిలో ఆరోగ్యశాఖ మంత్రి మిహాల్ మార్టిన్ ప్రకటించారు. ఇంకేముంది, దేశం గగ్గోలెత్తిపోయింది. పబ్బుల యజమానుల సంఘాలు తమ వ్యాపారం మట్టిగొట్టుకుపోతుందన్నాయి, వేలమంది ఉద్యోగాలు ఊడతాయన్నాయి. స్వేచ్ఛావాదులు పెద్దవాళ్ళకు నీతులు చెప్పడానికి ప్రభుత్వమెవరన్నారు. ఇంకొందరు చమత్కారులు, వందల ఏళ్ళు ఇంగ్లీషువాడి చట్టాలను ధిక్కరించడమే అలవాటైన జాతి ఈ చట్టానికి తలవంచుతుందా అని నవ్వారు. మొదట 2004 జనవరి 1 అనుకున్న ముహూర్తం మార్చి 29కి జరిగింది. అది చూసి, ఇది ఇక ఇట్లా జరుగుతూనే పోతుందని సంబరపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఈ వాదనలన్నిటిలోనూ ఒక విశేషం గమనించండి. అన్నీ బల్లకు ఇవతల కూర్చున్నవాడి గురించే. వాడి సరదా, వాడి స్వేచ్ఛ, వాడి జేబులో డబ్బు. అనుకూలంగా మాట్లాడినవారిలోనూ చాలామంది వాడి గుండె, వాడి ఊపిరితిత్తుల గురించే దిగులుపడ్డారు. బల్లకు అవతల నిలబడి గ్లాసులు నింపేవాడు ఒకడున్నాడనీ, తాగేవాడు గంటకో రెండు గంటలకో లేచి ఇంటికి పోయినా, వాడు మాత్రం ఆ పొగలోనే వారానికి నలభై గంటలు నిలబడాలనీ గట్టిగా అన్నవాళ్ళు తక్కువ.

చట్టం రాసినవాళ్ళు ఆ మనిషినే పట్టుకున్నారు. సిగరెట్టు తాగడం పాపమని వాళ్ళెక్కడా రాయలేదు. తాగండి, ఇంట్లో తాగండి, వీధిలో తాగండి, ఇంకొకడు పొట్టకోసం నిలబడ్డ గదిలో మాత్రం వద్దు అన్నారు. మద్యశాలకో తాగుబోతుకో సంబంధించిన చట్టంగా కాక, కూలివాడి చట్టంగా తెచ్చారు. బొగ్గు గనిలో దుమ్ము నుంచి కార్మికుణ్ణి కాపాడాలంటే ఎవరూ కాదనరు గదా! పబ్బులో పొగ నుంచి కాపాడితే తప్పేమిటి? జైళ్ళు, మానసిక చికిత్సాలయాలు, హోటలు పడకగదులు వంటి కొన్నిటిని మాత్రం మినహాయించారు. ఉల్లంఘిస్తే 3,000 యూరోల దాకా జరిమానా. అది వెలిగించినవాడికే కాదు, వెలిగిస్తుంటే చూస్తూ ఊరుకున్న యజమానికి కూడా.

మార్చి 29, సోమవారం రానే వచ్చింది. విప్లవం రాలేదు. జనం గ్లాసు బల్లమీద పెట్టి, కోటు తొడుక్కుని, గుమ్మం బయటకు పోయి, ఓ దమ్ము లాగి మళ్ళీ లోపలికి వచ్చారు. అంతే. ఆ జూలైలో గాల్వే నగరంలో ఒక పబ్బు యజమానులు ధిక్కరించి లోపలే పొగ తాగనిచ్చారు. రెండు రోజులు పత్రికల్లో హడావుడి జరిగింది, తర్వాత కోర్టు కేసు, జరిమానాతో కథ ముగిసింది. ఏడాది తిరిగాక ప్రభుత్వ పొగాకు నియంత్రణ కార్యాలయం లెక్కలు తీసింది. తనిఖీ చేసిన చోట్లలో నూటికి 94 చట్టాన్ని పాటిస్తున్నాయి. చట్టం మంచిదేనన్నవారు నూటికి 93 మంది. అసలు సంగతి వినండి. పొగతాగేవారిలోనే నూటికి 80 మంది మంచిదన్నారు!

నవ్వుకోదగ్గ సంగతులూ జరిగాయి. పొగ తెర తొలగాక పబ్బు అసలు వాసన బయటపడింది. ఒలికిన బీరు, చెమట, మరుగుదొడ్డి, అన్నీ కలిసి ముక్కుపుటాలను పలకరించాయి. ఇన్నాళ్ళూ సిగరెట్టు ఎంత పరోపకారం చేసిందో అప్పుడు తెలిసింది. గుమ్మం బయట చలిలో నిలబడ్డ యువతీయువకులకు నిప్పు అడగడం అనే వంకతో పరిచయాలు పెరిగి, పొగనూ సరసాన్నీ కలిపి ఇంగ్లీషులో ఒక కొత్త మాటే పుట్టింది. తెలుగులో దాన్ని పొగసరసం అనుకోవచ్చు. సిగరెట్టు తాగని కుర్రాళ్ళు కూడా కొందరు పనిగట్టుకుని బయటకు పోయి వణికారట.

ఇంత గోల చేసిన జనం ఇంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నారు? జరిమానా భయం కొంత ఉండవచ్చు. కాని దేశంలోని ప్రతి పబ్బు గుమ్మంలోనూ ఒక ఇన్‌స్పెక్టరును నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు. నాకు తోచేది ఇది. నీ మేలు కోరి చెబుతున్నాను, మానెయ్యి అంటే ఏ మనిషికైనా ఒళ్ళు మండుతుంది. నా ఒళ్ళు, నా ఇష్టం అంటాడు. అదే మనిషితో, నీకు రోజూ గ్లాసు నింపి, పేరుపెట్టి పలకరించే ఆ కుర్రాడి ఊపిరి గురించి అడుగుతున్నాం అంటే, అగ్గిపుల్ల గీయబోతున్న చెయ్యి ఆగుతుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఎవరి ఇల్లు కాలుతున్నదో కనబడక అడిగేవాళ్ళే లోకంలో ఎక్కువ. కనబడితే అడగరు.

ఆ కుర్రాడికి నిజంగా మేలు జరిగిందా అంటే, జరిగింది. డబ్లిన్‌లో పరిశోధకులు 42 పబ్బుల్లో గాలిని, 81 మంది బార్ పనివారి ఊపిరిని, నిషేధానికి ముందొకసారి, ఏడాది తర్వాత ఒకసారి పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. గాలిలో కంటికి కనబడని సన్నని నుసి నూటికి 83 వంతులు తగ్గింది. బెంజీన్ అనే విషం నూటికి 80 వంతులు తగ్గింది. తాము సిగరెట్టు ముట్టని పనివారిలో ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడింది. పీల్చేవాడి పక్షాన సాక్ష్యం అంటే ఇదీ.

పక్కనున్న ఇంగ్లండు ఈ సంగతి కొంచెం మెలికలు తిరిగి నేర్చుకుంది. భోజనం వడ్డించే పబ్బుల్లోనే నిషేధిద్దాం, వడ్డించని చోట్లనూ ప్రైవేటు క్లబ్బులనూ వదిలేద్దాం అని మొదట ప్రభుత్వం ఆలోచన. భోజనం పెట్టని పబ్బులో పనివాడికి ఊపిరితిత్తులు ఇనుముతో చేసి ఉంటాయా అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. 2006 ఫిబ్రవరి 14న పార్లమెంటు సభ్యులు పార్టీ ఆదేశాలతో నిమిత్తం లేకుండా ఓటు వేసి, 384కు 184 ఓట్లతో క్లబ్బులను కూడా కలిపి నిషేధించారు. 2007 జూలై 1న అది అమలులోకి వచ్చింది. చిత్రకారుడు డేవిడ్ హాక్‌నీ వంటి ప్రముఖులు దాన్ని గట్టిగా ఎదిరించారు.

ఎదిరించినవారి మాటలన్నీ తీసిపారెయ్యవలసినవి కావు. తర్వాతి సంవత్సరాల్లో ఇంగ్లండులో పబ్బులు అనేకం మూతపడ్డాయి. దుకాణాల్లో చవక బీరు, పన్నులు, 2008 నాటి ఆర్థికమాంద్యం, ఇట్లా కారణాలెన్నో ఉన్నా, నిషేధానికీ అందులో వాటా ఉందని యజమానులు అన్నారు. ఇంటి దగ్గర పలకరించే దిక్కులేని ముసలాయనకు పబ్బే చుట్టం. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం బయట వానలో నిలబడలేక ఇంట్లోనే కూర్చుండిపోతే అదీ నష్టమే. ఒకరికి మేలు చేసే చట్టం ఇంకొకరికి ఏ కష్టం తెచ్చిందో చూడకపోవడం న్యాయం కాదు. అయినా ఒకరి కాలక్షేపాన్నీ ఇంకొకరి ఊపిరినీ త్రాసులో పెడితే ఏది బరువో చెప్పడం కష్టం కాదు.

ఇక మన సంగతి. మన దేశంలో 2008 గాంధీజయంతి నుంచి హోటళ్ళు, ఆఫీసులు, బస్సు స్టాండ్లు వంటి బహిరంగ స్థలాల్లో పొగతాగడం నిషేధం. జరిమానా 200 రూపాయల దాకా. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అందుబాటులో ఉంచకూడదని కూడా నిబంధన ఉంది. ముప్ఫైమంది, ఆపైన కూర్చునే హోటళ్ళు పొగతాగేవారికి వేరే గది పెట్టుకోవచ్చన్నారు. ఆ గదిలో ఏ వడ్డనా చేయరాదని 2017లో ఒక నియమం చేర్చారు. చిన్న వాక్యమే, కాని బల్లకు అవతలివాడు మన నిబంధనల్లో కనబడింది ఆ వాక్యంలోనే. పొగ తాగేవాడు తాగనీ, వాడికి కాఫీ అందించడానికి ఇంకొకణ్ణి ఆ పొగలోకి తోయవద్దని దాని అర్థం.

పొగాకు పండించి, గుంటూరులో పొగాకు బోర్డు పెట్టుకున్న నేల మనది. పొగాకును తిట్టినంత మాత్రాన మన పని తీరదు. తిట్టడం అవసరమూ కాదు. గోడమీద బోర్డులకు మనకు కొదవలేదు. ‘పొగ త్రాగరాదు’ అన్న అక్షరాల కిందే నిలబడి నిశ్చింతగా బీడీ కాల్చుకునే పెద్దమనుషులను మనందరం చూస్తూనే ఉన్నాం. ఆ బోర్డు వాళ్ళకు సర్కారు గొంతులాగా వినబడుతుంది. సర్కారు గొంతును పట్టించుకోకపోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆ బోర్డుమీద ఇంకొక ముక్క రాసి చూడమని మన హోటళ్ళవారికి నా మనవి. ‘ఇక్కడ పనిచేసేవారు పొద్దుటి నుంచి రాత్రిదాకా ఈ గాలే పీలుస్తారు’ అని రాస్తే చాలు. టీ కప్పు తెచ్చి బల్లమీద పెట్టిన సర్వరు ముఖంలోకి ఒక్కసారి చూసి, సిగరెట్టు పెట్టె మళ్ళీ జేబులో పెట్టుకునేవాళ్ళు మనలోనూ కొందరుంటారు.