రంగుల్లోకి అనువాదం

అనువాదమంటే మనలో చాలామందికి చిన్నచూపు. "సొంతమా, అనువాదమా?" అని అడిగి, రెండోదని తెలియగానే పెదవి విరుస్తాం. మళ్ళీ మనమే, భారతాన్ని తెనిగించిన నన్నయగారిని ఆదికవి అని చేతులు జోడిస్తాం! క్లాసులో ఈ చిక్కు వచ్చినప్పుడల్లా నేను పద్యం జోలికి పోకుండా ఒక బొమ్మ చూపిస్తాను. డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో వేసిన "మధ్యాహ్నపు విశ్రాంతి" అది.

అందులో పెద్ద కథేమీ లేదు. కోతలు కోసి అలిసిన ఒక ఆడమనిషీ, ఒక మగమనిషీ కుప్ప నీడన పడుకున్నారు. అతను చేతులు తలకింద పెట్టుకుని ముఖంమీదికి టోపీ వాల్చుకున్నాడు. ఆమె చేతులమీద తల ఆనించి నిద్రపోతోంది. పక్కన విడిచిన జోళ్ళు, రెండు కొడవళ్ళు. దూరాన బండి, ఎడ్లు. అంతే. కాని ఆ పసుపు చూడండి! కుప్పా, నేలా ఎండలో భగ్గుమంటుంటాయి. పైన ఆకాశం నీలం, బట్టల్లోనూ నీలమే ఎక్కువ. నీలం పక్కనుండబట్టే పసుపుకంత వేడి. పసుపు మధ్యనుండబట్టే నీలానికంత చలవ.

ఇంతకూ ఈ ఊహ వాన్ గోది కాదు. ఫ్రెంచి చిత్రకారుడు మిలే, పల్లెజనం పొద్దుటినుంచి రాత్రిదాకా గడిపే రోజును నాలుగు బొమ్మలుగా గీశాడు. లవియే అనే ఆయన వాటిని కొయ్యమీద చెక్కి అచ్చుకిచ్చాడు. వాన్ గో ముందున్నది ఆ నలుపు తెలుపు అచ్చే. మనుషులూ, కుప్పా, కొడవళ్ళూ అన్నీ మిలేవే. రంగు మాత్రం లేదు.

అప్పుడు వాన్ గో ఉన్నదెక్కడనుకున్నారు? దక్షిణ ఫ్రాన్సులో, సాన్ రెమీ దగ్గర మానసిక చికిత్సాలయంలో. 1889 మే నెలలో తనంతట తానే వెళ్ళి చేరాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆరుబయట బొమ్మలు వేసుకోవటం కుదరదు. ఎదుట కూర్చోపెట్టి వేయటానికి మనుషులు దొరకరు. అటువంటప్పుడు అచ్చుబొమ్మలే తోడయ్యాయి. మిలేవి సుమారు ఇరవై అలా వేశాడు. ఈ బొమ్మ పూర్తయింది 1890 జనవరిలో. బయట చలికాలం. లోపల ఆ రోగి కోతకాలపు మిట్టమధ్యాహ్నాన్ని వేస్తున్నాడు! మనశ్శాంతికి మొహంవాచినవాడు, ఇంకొకరి నిద్రకు ఇంత ఎండా ఇంత నీడా సమకూర్చాడు.

తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాల్లో తన పనేమిటో తానే చెప్పుకున్నాడు. వెలుగునీడల్ని రంగుల భాషలోకి అనువదించటమేనట అది. బీథోవెన్ కూర్చిన సంగీతాన్ని ఇంకొకరు వాయిస్తే, వాయించేవాడి మనసూ అందులో కలుస్తుంది కదా అన్నాడు. అన్న వేసినవాటిలో బహుశా ఇవే మేలైనవేమోనని థియో మెచ్చుకుంటూ జవాబు రాశాడు. ఆ ఏడే జూలై 29న, ముప్ఫై ఏడో ఏట, వాన్ గో కన్నుమూశాడు.

అచ్చులో రంగు లేకపోవటమే వాన్ గోకు దొరికిన చోటు. మిలే గీసిన మనుషుల్ని కదల్చలేదు, వాళ్ళ నిద్ర చెడగొట్టలేదు. ఆ ఖాళీలో తన ప్రాణం పెట్టాడు. మంచి అనువాదకుడు చేసేదీ ఇంతే. బొమ్మ ఇప్పుడు పారిస్‌లో, ఆర్సే మ్యూజియంలో ఉంది. దానిముందు నిలబడినవాళ్ళకు "ఇది సొంతమా, అనువాదమా?" అనే ప్రశ్న తోచదనుకుంటాను. చప్పుడైతే ఆ ఇద్దరూ ఎక్కడ లేస్తారోనని మెల్లిగా అడుగేస్తారు కాబోలు.