నల్ల తెర.. ఒక ఫోన్.. ఒక పెన్‌డ్రైవ్!

‘అన్నా, డబ్బులు గోవిందా! కొత్త ల్యాప్‌టాప్ పనిచేయట్లే’ అంటూ మా పిన్ని కొడుకు హాస్టల్ నుంచి వీడియో కాల్ చేశాడు. బీటెక్ మొదటి సంవత్సరం. బాబాయి చిట్టీ పాడి ఇచ్చిన డబ్బుతో ఆ రోజే కొన్నాడు. చూపించమంటే.. నల్ల తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు, పక్కన మిణుకుమిణుకుమంటూ కర్సర్. బిల్లు చదవమన్నా. మోడల్ పేరు చివర ‘డాస్’ అని ఉంది. ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. అందులో విండోస్ లేదు, అంతే!

విండోస్ లైసెన్స్ ఖర్చు కలపరు కాబట్టి ఇలాంటివి కాస్త తక్కువ ధరకి దొరుకుతాయి. మరీ ఖాళీగా ఇవ్వకుండా చాలావాటిలో ఫ్రీడాస్ అనే బుల్లి ఓఎస్ పెడతారు. జిమ్ హాల్ అనే అమెరికన్ 1994లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. పాతకాలం ప్రోగ్రాములకి పనికొస్తుంది గానీ అందులో క్రోమ్ తెరుద్దామంటే కుదరదు.

‘షాపాయన ఏడొందలిస్తే విండోస్, ఆఫీస్ అన్నీ వేసేస్తా అన్నాడన్నా’ అన్నాడు వాడు. ఒరిజినలేనా అని అడిగా. ‘అందరికీ అదే వేస్తాడంట’ అన్నాడు. అదీ అసలు సమస్య. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఎవరైనా ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డబ్బు కట్టాల్సింది లైసెన్స్‌కి. అది కట్టకుండా తప్పించడానికి ‘యాక్టివేటర్’ అనే చిన్న ప్రోగ్రాం నడుపుతారు. దాన్ని నడిపే ముందు చేసే మొదటి పని ఏంటో తెలుసా? యాంటీవైరస్ ఆపేయడం! ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాంకి ఇంటి తాళాలన్నీ ఇచ్చి, కుక్కని కూడా కట్టేయడమన్నమాట. రేపు అదే ల్యాప్‌టాప్‌లో మీ మెయిల్, బాబాయి నెట్‌బ్యాంకింగ్, స్కాలర్‌షిప్ అప్లికేషన్ అన్నీ తెరుస్తారు. లైసెన్స్ కొనేదాకా యాక్టివేట్ చేయని విండోసే వాడుకున్నా ఇంతకంటే నయం. మూలన ఒక గుర్తు కనిపిస్తుంది, వాల్‌పేపర్ మార్చనివ్వదు.

మావాడికి వచ్చిన చిక్కు వేరే. ఓఎస్ వేయాలంటే బూటబుల్ పెన్‌డ్రైవ్ కావాలి. అది తయారు చేయాలంటే ఇంకో కంప్యూటర్ కావాలి. రూమ్మేట్లు పండక్కి ఊళ్లకెళ్లారు. చేతిలో ఉన్నది ఫోనొక్కటే.

ఫోన్ చాలు. ఆండ్రాయిడ్‌లో ‘ఎచ్‌డ్రాయిడ్’ అనే ఉచిత యాప్ ఉంది, రూట్ చేయాల్సిన పని కూడా లేదు. దానికి తోడు ఒక ఓటీజీ అడాప్టర్, 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ ఉండాలి. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైల్‌ని వాళ్ల సైట్ నుంచే దించుకోండి. ‘ఎల్‌టీఎస్’ అని రాసి ఉన్న వెర్షనే తీసుకుంటే ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. సైజు ఆరు జీబీకి అటూ ఇటూ ఉంటుంది, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో అయ్యే పని కాదు. కాలేజీ వైఫై పట్టుకోండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఐఎస్‌ఓని పాటలు కాపీ చేసినట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేసి, ‘బూట్ అవ్వట్లేదేంటి’ అని జుట్టు పీక్కుంటారు. కాపీ చేస్తే కుదరదు, యాప్‌తోనే ‘రాయాలి’. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి. అక్క పెళ్లి ఫొటోలుంటే ముందే తీసి దాచండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకెళ్లి ఓటీజీని ఆన్ చేస్తేనే పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ యాప్ విండోస్ ఐఎస్‌ఓకి పనికిరాదు. విండోసే కావాలంటే ఫ్రెండ్ కంప్యూటర్ ఒక గంట అడిగి, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవాలి.

ఏది వేసుకోవాలి? సీ, జావా, పైథాన్ నేర్చుకోవడానికి ఉబుంటు భేషుగ్గా ఉంటుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులోనే ఉంది. మెకానికల్, సివిల్ వాళ్లకి మాత్రం విండోస్ తప్పదు, సాలిడ్‌వర్క్స్ లాంటివి లినక్స్‌లో రావు. మావాడిది కంప్యూటర్ సైన్స్. బతికిపోయాడు.

పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కి పెట్టి, పవర్ నొక్కిన వెంటనే బూట్ మెనూ కీ టపటపా కొట్టాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. మావాడు మూడుసార్లు లేటుగా నొక్కి మళ్లీ అదే నల్ల తెర దగ్గరికెళ్లాడు. నాలుగోసారి మెనూ వచ్చింది. యూట్యూబ్‌లో కొందరు ముందు సెక్యూర్ బూట్ ఆపేయమంటారు. ఉబుంటుకి ఆ అవసరం లేదు, అలాగే ఉంచండి.

ఉబుంటులో నాకు బాగా నచ్చేది ‘ట్రై’ ఆప్షన్. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, కెమెరా అన్నీ అక్కడే తేల్చుకోండి. మావాడికి వైఫై కనిపించలేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమన్నా, నెట్ వచ్చేసింది. తర్వాత అప్‌డేట్లు చేస్తే వైఫై కూడా దారికొచ్చింది. విండోస్ వేసేవాళ్లకీ ఇదే చిట్కా. నెట్ లేకపోతే విండోస్ 11 సెటప్ మధ్యలో ఆగిపోతుంది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంకో తమాషా ఉంది. విండోస్ సెటప్‌కి డిస్కే కనిపించకపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ పోయిందని కంగారు పడొద్దు. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే ప్రత్యక్షమవుతుంది.

అసలు ఆగి చూడాల్సింది ఒకే ఒక్క స్క్రీన్. ‘ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్’ అని అడిగే చోటు. డాస్ ల్యాప్‌టాప్‌లో పోయేదేం లేదు, ధైర్యంగా నొక్కొచ్చు. అదే ఇంట్లో వాడుతున్న పాత ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగం చేస్తున్నారా? ఒక్క నొక్కుతో నాన్న ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఊడ్చుకుపోతాయి. బ్యాకప్ తీసుకున్నాకే ఆ బటన్ జోలికెళ్లండి.

మిగతాదంతా పేరు, పాస్‌వర్డ్ అడిగే తతంగమే. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్ తీసేయమని అడుగుతుంది, తీసేయండి. మావాడు తీయలేదు. రీస్టార్ట్ అవగానే మళ్లీ ఇన్‌స్టాలర్ వచ్చేసరికి, ‘అన్నా, మొదటికొచ్చింది!’ అని ఇంకో కాల్. పెన్‌డ్రైవ్ పీకమన్నా. డెస్క్‌టాప్ వచ్చింది. అప్పటికి రాత్రి ఒంటిగంట. బాబాయికి స్క్రీన్ ఫొటో పంపాడట. పొద్దున్నే బాబాయి నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట.. ‘ఇందులో ఇన్‌కం సర్టిఫికెట్ ప్రింట్ తీయొచ్చా?’